నూటికి నూరు, ఒక్క పెలికన్‌లోనే

జంషెడ్‌పూర్ బిర్సానగర్ తెలుగు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే శామ్సన్‌కి ప్రాణం మీదికొస్తుంది. పాటలు అయ్యాక, వాక్య ప్రసంగానికి ముందు, దేవుడు ఎవరింట్లో ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి చెప్పుకోవాలి. జ్వరం తగ్గిందని ఒకరు, అల్లుడు పర్మనెంట్ అయ్యాడని ఇంకొకరు చెబుతారు. శామ్సన్ తల్లి జయకుమారి మాత్రం ఏ వారమూ ఖాళీగా కూర్చోదు. ఏమీ లేకపోతే గ్యాసు బండ త్వరగా వచ్చిందనైనా చెబుతుంది.

2009 జూలైలో ఒక ఆదివారం ఆమె కొంగు సర్దుకుని లేచింది. శామ్సన్ పాటల పుస్తకంలోకి తల దూర్చేశాడు.

"దేవునికి స్తోత్రం. మా వోడు శామ్సన్ సాక్చిలో ఆఫీసు పని అయిపోయాక ఇంటికాడ కూకొని ఇంటర్నెట్టు బ్రౌజరు ఒకటి సేత్తన్నాడు. పెలికన్ అని దాని పేరు. జర్మనీ వోళ్ళూ జపాను వోళ్ళూ అందరూ కలిసి సేత్తారంట, జీతం మాత్రం లేదు. అందులో మూలలు గుండ్రంగా వచ్చీ పని మా వోడికి అప్పజెప్పినారు. టెస్టులన్నీ పాసైపోనాది. నూటికి నూరు! ఈ మేలు సేసిన దేవునికే మహిమ."

"ఆమెన్" అంది సంఘమంతా. మూలలు ఎందుకు గుండ్రంగా ఉండాలో అక్కడ ఎవరికీ తెలీదు. కానీ నూటికి నూరు అన్న మాట చెవిన పడ్డాక ఆమెన్ అనకుండా ఉండగల తెలుగువాడు ఇంకా పుట్టలేదు.

ఆ ఆమెన్ తోకన ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది. శామ్సన్ తల తిప్పాడు. పసుపు చుడీదార్ వేసుకున్న అమ్మాయి దగ్గు వచ్చినట్టు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం హాయిగా నవ్వుకుంటున్నాయి.

ఆరాధన అయ్యేసరికి వాన దంచి కొడుతోంది. జనమంతా వరండాలో ఇరుక్కున్నారు. శామ్సన్ తోసుకుంటూ వెళ్ళి ఆ అమ్మాయి ముందు నిలబడ్డాడు.

"నవ్వింది మీరేనా?"

"దగ్గాను, బ్రదర్."

చర్చిలో వయసు పిల్లలందరూ ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అనే పిలుచుకుంటారు. అందమైన అమ్మాయి నోట ఆ మాట వింటే మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

"ఎందుకు దగ్గారో?"

"నూటికి నూరు గొంతులో అడ్డం పడింది. ఆ ఫీచర్‌కి కోడ్ ఎవరు రాశారు?"

"నేనే."

"టెస్టులు?"

"నేనే."

"కరెక్ట్ జవాబు ఏదో ఎవరు చెప్పారు?"

శామ్సన్ కాస్త తడబడ్డాడు. "పెలికన్‌లో రన్ చేశాను. ఏ బొమ్మ వచ్చిందో దాన్నే సేవ్ చేసి, ఇదే కరెక్ట్ అని పెట్టాను. అందరూ చేసేదే."

"అంటే పరీక్ష మీరే రాసి, మీ పేపర్నే కీ అనుకుని, దాంతో మీరే దిద్దుకున్నారు. వాహ్ బ్రదర్! ఇంతోటి దానికి పాపం దేవుణ్ణి ఎందుకు లాగారు?"

పక్కనున్న పిల్లలు నవ్వారు. శామ్సన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏటండీ, బ్రౌజర్ల గురించి మీకేం తెలుసని?"

"ఎక్కువేం తెలీదు. ఇదే ఫీచర్ మేరీగోల్డ్ బ్రౌజర్‌కి నేను రాస్తున్నాను."

"మేరీగోల్డా? అది ఇంకా ఎవరైనా వాడుతున్నారా?"

"మీ అమ్మగారు కాకుండా పెలికన్ ఎవరు వాడుతున్నారు?"

వాన తగ్గకుండానే గొడుగు విప్పి ఆమె వెళ్ళిపోయింది. పేరు ఫ్లోరా అనీ, రూర్కెలాలో చదువు ముగించుకుని ఈమధ్యే వచ్చిందనీ, బారిడీహ్‌లో ఉండే ఫోర్‌మన్ శాంతకుమార్ కూతురనీ, ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోందనీ శామ్సన్ అరగంటలో కూపీ లాగాడు. ఇంతగా గిల్లిందంటే తనంటే ఇష్టమేనని కూడా అప్పుడే తేల్చేసుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మరి.

ఆ సాయంత్రమే తన టెస్టులన్నీ మేరీగోల్డ్‌లో నడిపి చూశాడు. స్క్రీనంతా ఎర్రటి ఫెయిళ్ళు. పట్టలేని ఆనందంతో, రెండు బ్రౌజర్ల వాళ్ళూ చూసే మెయిలింగ్ లిస్టులో "మేరీగోల్డ్ త్వరగా కోలుకోవాలని ప్రార్థిస్తున్నాను" అని పెట్టాడు.

మర్నాటికి ఫ్లోరా జవాబు వచ్చింది. ఒకే ఒక్క టెస్టు. చిన్న డబ్బా, దానికి డబ్బాలో పట్టనంత పెద్ద గుండ్రటి మూలలు. కింద ఒక ముక్క: "పెలికన్‌లో చూడండి బ్రదర్."

శామ్సన్ చూశాడు. డబ్బా ఉండాల్సిన చోట విరిగిన జిలేబీ ఉంది. నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి.

లిస్టులో జవాబు పెట్టకుండా, చర్చిలో ఎవరినో అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. "ఇంత చిన్న డబ్బాకి ఇంత పెద్ద మూలలు ఎవడు పెడతాడండీ?"

"మీ ఆఫీసులో చేసే కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్లు చూశాను. మీరే పెడతారు."

"సరే, పట్టకపోతే ఏం చెయ్యాలంటారు?"

"నాలుగూ ఒకే వంతున తగ్గాలి. ఒక మూల పెత్తనం చేసి మిగతావి నలగకూడదు. నేనంటే కాదు, స్పెక్ అంటుంది. చదివారా?"

ఏ బ్రౌజరైనా పేజీని ఎలా గీయాలో చెప్పే నియమాల పుస్తకం లాంటిది స్పెక్. శామ్సన్ దాన్ని చదవలేదు. బొమ్మలు చూశాడు.

"ఆదివారం మీ కంప్యూటర్ పట్టుకుని మా ఇంటికి రండి" అంది ఫ్లోరా. "మీ టెస్టులు నాకివ్వండి, నావి మీరు తీసుకోండి. రెండూ దిద్ది కామన్ ఫోల్డర్‌లో పెడదాం. రేపు మూడో బ్రౌజర్ వాడికి కూడా పనికొస్తాయి."

కంప్యూటర్‌ని పాలిథిన్‌లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని శామ్సన్ ఆటోలో బారిడీహ్ వెళ్ళాడు. ఫ్లోరా తండ్రి శాంతకుమార్ తలుపు తీసి ఆ మూట వైపు అనుమానంగా చూశాడు.

"ఏటి బాబూ, ఇక్కడే ఉండిపోతావేటి?"

"డాడీ, అందర్ ఆనే దో నా!" అని, లోపలికి రానివ్వమంటూ ఫ్లోరా హిందీలో కేకేసింది.

ముందుగదిలో రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టారు. శాంతకుమార్ భార్య వేయించిన ఆలూచాప్ నములుతూ కాసేపు చూశాడు. "రెండూ ఇంటర్నెట్టే సూపిత్తాయి గదా, మరి మీ ఇద్దరికీ తగువేటి?"

"ఇంటర్నెట్ ఒకటే డాడీ, చూపించడంలోనే తేడా. ఇతని దాంట్లో బాగున్న పేజీ నా దాంట్లో వంకరైతే, పేజీ రాసినవాడు ఎవర్ని నమ్మాలి? అందుకే టెస్టు అందరికీ ఒకటే ఉండాలి."

"బావుంది. ఇద్దరూ తప్పయితేనో?"

"అలా అవదు డాడీ" అంది ఫ్లోరా ధీమాగా. "నేను స్పెక్ చదివాను."

ఆదివారాలు అలా నడిచాయి. ఆమె తిట్టడం, అతను సమర్థించుకోవడం, చివరికి నోరు మూసుకుని దిద్దడం. కరెంటు పోతే కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవారు. ఒకసారి అలాగే కూర్చుని "శామ్సన్, నీకు వాదించడం రాదు కానీ భలే వింటావు" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. బ్రదర్ ఏమైందో ఇద్దరూ వెతకలేదు. శామ్సన్ ఆ రోజు ఆటో ఎక్కడం మర్చిపోయి, కంప్యూటర్ మోసుకుంటూ సగం దారి నడిచాడు. అతనికి ఫ్లోరా అంటే నిజంగానే ప్రేమ పుట్టింది. ఎగతాళి చేయడానికి ఏమీ దొరకనంత మంచి ప్రేమ. దాన్ని పాడుచేసే ప్రతిభ కూడా అతని దగ్గరే ఉంది.

అంతలో బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ ఇంటర్వ్యూకి పిలిచారు. వాళ్ళకి బ్రౌజర్ పని తెలిసినవాడు కావాలి. శామ్సన్ బయోడేటాలో పెద్దక్షరాలతో ఉంది, నూటికి నూరు అని. ఆ వారమే కామన్ ఫోల్డర్‌లో టెస్టులు పెట్టాలి. ఫ్లోరాకి కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. "మొత్తం కట్ట నువ్వే పెట్టేయ్" అని అప్పగించింది.

శామ్సన్ పెట్టాడు. పెలికన్ ఫెయిలయ్యేవి మాత్రం పక్కన ఉంచేశాడు. ఎగ్గొట్టడం కాదు, వాయిదా అంతే అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మర్నాడు జర్మనీ వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, ఉమ్మడి టెస్టుల్లో కూడా పెలికన్‌కి నూటికి నూరు వచ్చిందని, అభినందనలని. అదే మెయిల్ ఫ్లోరాకీ వెళ్ళింది.

ఆదివారం బారిడీహ్‌లో గేటు తెరుచుకోలేదు. ఫ్లోరా ఊచల సందులోంచి అతని ఎక్స్‌టెన్షన్ వైరు అందించింది.

"ఇక్కడ మర్చిపోయావు, తీసుకో."

"ఫ్లోరా, కొన్ని టెస్టులు పెట్టడం మర్చిపోయాను. అంతే, వేరే ఏం లేదు."

"మర్చిపోయినవన్నీ పెలికన్ ఫెయిలయ్యేవేనా? నీ మతిమరుపుకి ఎంత తెలివో!"

"ఇంటర్వ్యూ ఉంది యార్. ఒక్క వారం ఆగి అన్నీ పెట్టేసేవాణ్ణి. ఇదంతా నా ఒక్కడి కోసమా? ఉద్యోగం వస్తే మీ డాడీతో మాట్లాడదామని."

"ఏం మాట్లాడతావు?"

"మన పెళ్ళి గురించి."

ఫ్లోరా గేటుకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. "నన్ను అడిగావా?"

"నీకిష్టమే కదా!"

"ఎవరు చెప్పారు?"

 ఆ మాట చెప్పిన మనిషి కోసం శామ్సన్ బుర్రంతా గాలించాడు. అక్కడ తను తప్ప ఎవరూ లేరు.

"ఓహో, దీనికి కూడా జవాబు నువ్వే రాసేసుకున్నావా?" అంది ఫ్లోరా. "దొంగతనం చేశావని కాదు, మనిద్దరి పేర్లతో వెళ్ళిన టెస్టుల్లో చేశావు చూడు, అదే ఒళ్ళు మండుతోంది. వందనాలు, బ్రదర్."

బ్రదర్ తిరిగొచ్చింది. ఈసారి ముల్లు కాదు, మేకు.

ముందు శామ్సన్‌కి కోపం వచ్చింది. ఆడపిల్లకి ఇంత పొగరు పనికిరాదనుకున్నాడు. అన్నం తిన్నాక ఆ కోపం కూడా అరిగిపోయింది. ఫ్లోరా లేని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకుంటే కంప్యూటర్ ఆన్ చెయ్యబుద్ధి కాలేదు. తను ఆ అమ్మాయిని పోగొట్టుకున్నాడు. అది బెంగళూరు వల్ల కాదు, అమ్మ వల్లా కాదు. అచ్చంగా తన చేతులారా చేసుకున్నది.

పక్కన ఉంచిన టెస్టులన్నీ తీసి కామన్ ఫోల్డర్‌లో పెట్టేశాడు. పెలికన్ మార్కులు సగానికి జారాయి. ఎందుకు జారాయో, ఇంతకు ముందు తనేం దాచాడో లిస్టులో తన పేరుతోనే రాశాడు. అదే బెంగళూరు వాళ్ళకీ పంపాడు.

ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, స్పెక్ చదివాడు. బొమ్మలు వదిలేసి అక్షరాలే చదివాడు. గుండ్రటి మూల కంటే డబ్బా అంచు మందంగా ఉంటే ఏమవ్వాలో అక్కడ స్పష్టంగా ఉంది. బయట గుండ్రంగానే ఉంటుంది, లోపలి మూల మాత్రం కత్తితో కోసినట్టు పదునుగా రావాలి. ఈసారి బ్రౌజర్ తెరవలేదు. కాగితం మీద స్కేలు పెట్టి బొమ్మ గీసి, దాన్ని బట్టి టెస్టు రాశాడు. అది పెలికన్‌లో ఫెయిలైంది. మేరీగోల్డ్‌లో ఏమవుతుందో చూడకుండానే ఫోల్డర్‌లో పెట్టాడు.

బెంగళూరు ఆయన ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ నిజాయితీ మాకు నచ్చింది. మేమే ఫోన్ చేసి చెబుతాం" అన్నాడు. ఆ మాటకి అర్థం బెంగళూరులోనే కాదు, జంషెడ్‌పూర్‌లో కూడా అందరికీ తెలుసు.

జయకుమారికి సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"దేముడి ముందర నాసేత అబద్ధం ఆడించినావేట్రా?"

"అబద్ధం కాదమ్మా. నా టెస్టుల్లో నూరే వచ్చింది."

"నీ టెస్టులు నువ్వు రాసుకుని, నువ్వు దిద్దుకుని! చిన్నప్పుడు స్కూల్లో ఈ సదుపాయం ఉంటే ఫీజు దండగయ్యేదా? ఇప్పుడు ఆ సంఘంలోకి నా మొకం ఎలా తీసుకెళ్ళను?"

రెండు పూటలు కంచం ముందు పెట్టేటప్పుడు చప్పుడు గట్టిగా చేసింది. మూడో పూట కాస్త మెత్తబడి "ఆ పిల్ల ఏటందిరా?" అని అడిగింది. శామ్సన్ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తల్లికి అర్థమైంది.

ఒక మధ్యాహ్నం తలుపు ఎవరో బాదారు. జయకుమారి తీసేసరికి, తడిసిన గొడుగుతో, కందగడ్డలాంటి మొహంతో ఫ్లోరా నిలబడి ఉంది.

"మీ అబ్బాయి ఉన్నాడా ఆంటీ?"

"ఉన్నాడమ్మా. మళ్ళీ ఏటి సేసినాడు?"

"నా బ్రౌజర్‌ని పడగొట్టాడు."

శామ్సన్ గదిలోంచి వచ్చాడు. ఫ్లోరా అతని మీదకి వేలు చూపించింది. "లోపలి మూల టెస్టు నువ్వే రాశావా?"

"నేనే."

"మేరీగోల్డ్ ఫెయిలైంది. టెస్టే తప్పని చూపిద్దామని కూర్చున్నాను. స్పెక్ తిరగేసి మరగేసి చదివాను, నీ కోడంతా వెతికాను. ఎక్కడా దొరకవే!" గొడుగు మూలన పడేసింది. "తప్పు నాదే. నేనూ మేరీగోల్డ్‌లో వచ్చిన బొమ్మ చూసి బాగుందిలే అనుకున్నాను. నీకు నీతులు చెబుతూ నేనూ అదే చేశాను. ఛీ!"

ఆమె స్టూల్ మీద కూలబడి, చున్నీతో ముక్కు గట్టిగా తుడుచుకుంది. నెల క్రితమైతే శామ్సన్ ఈ మాట విని వీధిలో బాజాలు పెట్టించేవాడు. ఇప్పుడు నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు.

"పెలికన్ కూడా ఫెయిలే. కలిసి దిద్దుదామా?"

ఫ్లోరా నీళ్ళు తాగింది. "మిగిలిన టెస్టులన్నీ పెట్టడం లిస్టులో చూశాను. అదీ ఇంటర్వ్యూకి ముందేనట. డాడీకి ఎవరో చెప్పారు. ఉద్యోగం?"

"రాదు."

"మరెందుకు పెట్టావు?"

"మనం ఇద్దరం కలిసి చేసినవి. సగం దాచుకోడానికి నాకేం హక్కుంది?"

వంటింట్లో కుక్కర్ ఈల వెయ్యబోయింది. ఇంకో మాట వినపడకుండా పోతుందని జయకుమారి గబుక్కున స్టవ్ ఆర్పేసింది.

శామ్సన్ గోడని ఆనుకుని నిలబడ్డాడు.  "ఫ్లోరా, ఆ రోజు అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా? నువ్వేమంటావో నాకు నిజంగా తెలీదు."

ఫ్లోరా గ్లాసులో మిగిలిన నీళ్ళని గుటక గుటకగా తాగింది. జవాబు తెలియని ప్రశ్న అడిగి నిలబడటం ఇంత నరకమని శామ్సన్‌కి అప్పుడే తెలిసింది.

"ఇక్కడ చెప్పను" అంటూ లేచి గొడుగు తీసింది. "మా డాడీ దగ్గర చెబుతాను. చలో."

"ఏం చెబుతావో కొంచెం..."

"చలో అన్నానా!"

ఆటోలో ఆమె డ్రైవర్‌కి దారి చెబుతూ కూర్చుంది. శామ్సన్ వాన చూస్తున్నట్టు నటిస్తూ గుర్తున్న ప్రార్థనలన్నీ చేశాడు. పిలవకపోయినా జయకుమారి కూడా ఎక్కి, ఇద్దరి మధ్యా చెక్కుచెదరకుండా కూర్చుంది.

శాంతకుమార్ షిఫ్టు దిగి అప్పుడే టీ పెట్టుకున్నాడు. తడిసిన కోళ్ళలా ఉన్న ముగ్గుర్నీ గుమ్మంలో చూసి కప్పు కింద పెట్టాడు.

"ఏటి, అందరూ కలిసి వచ్చీసినారు? బాబూ, ఉద్యోగం ఒగ్గీసుకున్నావంట?"

"అవునంకుల్. నిజం చెప్పేసరికి పోయింది."

"నిజం సెప్పీవోడికి పిల్లనిత్తే గంజి తాగాల. అబద్ధాలోడికిత్తే అదీ దొరకదు" అన్నాడు శాంతకుమార్ తనలో తను అనుకుంటున్నట్టు. "మా పిల్లంటే నీకు ఇష్టమేనా?"

"ప్రాణం అంకుల్."

"దాన్ని అడిగినావా?"

"ఇప్పుడే అడిగాను."

"మరేటంది?"

ఫ్లోరా కళ్ళు నవ్వుతున్నట్టే ఉన్నాయి. ఆటో దిగాక గొడుగు తన వైపు కాస్త వంచినట్టు కూడా అనిపించింది. ఇష్టమేనంది అంకుల్ అనే మాట శామ్సన్ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు తెలీదంకుల్. తననే అడగండి."

 శాంతకుమార్ కూతురి వైపు తిరిగాడు. జయకుమారి కొంగు సర్దుకుంది.

"ఇష్టమే డాడీ" అంది ఫ్లోరా. "చాలా ఇష్టం. కానీ పెళ్ళయ్యాక కూడా ఇతను రాసిందల్లా నేను దిద్దుతాను."

"నీది నేను దిద్దుతాను" అన్నాడు శామ్సన్. 

"దిద్దుకోండి, దిద్దుకోండి" అన్నాడు శాంతకుమార్, ఇంకో మూడు కప్పులు తీస్తూ. "ఫ్లోరా, మీ అమ్మ నన్ను పాతికేళ్ళ బట్టి దిద్దుతానే ఉంది. ఇప్పటికీ సగమే పాసయినాను."